తుండుగుడ్డ కింద ఏడు వేలు

మా ఆయన మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత రాసేది ఫిర్యాదు కాదని మీరు నమ్ముతారని నా ఆశ. పంతొమ్మిదేళ్ళుగా ఆయన నన్ను రోజూ స్కూటరు మీద బడి దగ్గర దింపుతున్నారు, సాయంత్రం వచ్చి ఎక్కించుకుపోతున్నారు. మా ఇల్లు తిరుపతిలో, కొర్లగుంట వైపు. నేను తెలుగు చెప్పే బడి రైలు పట్టాలకు అవతల, తిరుచానూరు రోడ్డు పక్క సందులో. మధ్యలో మూడు కిలోమీటర్లు. ఆయనకు పైపులు, కుళాయిలు అమ్మే అంగడి ఉంది. నా కోసం రోజుకు రెండుసార్లు ఆ అంగడి షట్టరు సగం దించి వస్తారు. సగం దించి వచ్చిన మనిషిని "ఆ జామకాయల బండి దగ్గర కాస్త ఆపండి" అని అడగడానికి నోరు రాదు. అడిగితే ఆపుతారు. ఆపి, గడియారం కూడా చూసుకోరు. అదే కష్టం. చెడ్డవాళ్ళయితే పోట్లాడవచ్చు. మంచివాళ్ళతో ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు.

స్కూటరు మీద పక్కకు తిరిగి కూర్చుంటాను కాబట్టి, పోయేటప్పుడు ఎడమవైపు అంగళ్ళన్నీ నాకు కంఠతా వచ్చు. వచ్చేటప్పుడు అవతలివైపు ఎడమ అవుతుంది కాబట్టి అవీ వచ్చు. ముందేముందో మాత్రం తెలియదు. నా ముందు ఎప్పుడూ ఆయన చొక్కా ఉండేది.

ఆటోలో పోవచ్చు కదా అని తోటి పంతులమ్మలు అనేవాళ్ళు. ఆ మాట నేనూ ఇంట్లో అన్నాను.

"నేనుండగా ఆటో ఏంటికి?" అన్నారు.

"నేనుండగా" అన్న మాటకు ఎదురు చెబితే అపశకునంలా వినిపిస్తుంది. స్కూటరే ఎక్కాను.

ఒకరోజు సాయంత్రం అంగడికి పైపుల లోడు వచ్చింది. ఆయన రావడం గంటంబావు ఆలస్యమైంది. బడి గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన తన ముక్కాలిపీట నాకిచ్చి తాను నిలబడ్డాడు. పోతున్న పంతులమ్మలందరూ బండి ఆపి "ఎక్కండి, దింపేస్తాం" అన్నారు. ప్రతి ఒక్కరికీ "ఆయన వస్తారు" అని చెప్పాను. కర్త ఉండి, క్రియ ఎప్పుడొస్తుందో తెలియని వాక్యంలా అక్కడే కూర్చున్నాను. ఆఖరికి పెద్దాయన గేటుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"ఏమ్మా, మీరు గేటుకు ఈపక్క ఉండారా, ఆపక్క ఉండారా అని నాకే అనుమానం వస్తాండాది," అన్నాడు నవ్వుతూ.

నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక ఆ మాట అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది. చెయ్యి కడుక్కోకుండానే చెప్పేశాను.

"నేనొక సైకిలు కొనుక్కుంటాను."

"ఎవురికి?"

"నాకే. చిన్నప్పుడు తొక్కినాను గదా. బడికి పోయొచ్చేదానికి."

ఆయన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టారు. "నేనేం తక్కువ జేసినానని?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నేను నీళ్ళు తాగాను. ఆయనే మళ్ళీ, "సరేలే. కొందాం. కొంటే మంచిదే కొందాం," అన్నారు.

"కొనుక్కుంటాను" అన్నది రెండు నిమిషాల్లో "కొందాం" అయింది. వ్యాకరణంలో దీన్ని ఉత్తమ పురుష బహువచనం అంటారు. ఉత్తమ పురుషుణ్ణి చేసుకుంటే ఏకవచనం మిగలదని పిల్లలకు చెప్పలేదు గాని, చెప్పవలసిన సూత్రమే.

అప్పటినుంచి ఎంత పెట్టాలన్నది ఇంట్లో పెద్ద చర్చ. ఆయన ఫోనులో ఒక సైకిలు చూపించారు. గేర్లు, లావు టైర్లు, పద్దెనిమిది వేలు. మా బడిలో సైన్సు చెప్పే ఆవిడ కొడుక్కి అలాంటిదే కొనిపెట్టింది. అది రెండో అంతస్తులో, హాల్లో, సోఫా పక్కన ఉంటుంది. పోతుందేమోనన్న భయంతో కిందికి దించరు. ఎండ తగలనివ్వరు, వాన తగలనివ్వరు, రోజూ తుడుస్తారు. అది సైకిలు కాదు, ఇల్లరికపు అల్లుడు. నేను అంత ఖరీదైనది కొంటే నాతోపాటు అదీ ఇంట్లోనే ఉండిపోతుందని నాకు అనిపించింది.

పోనీ పాతది కొందామా అంటే, బడిలో గంట కొట్టే ఆయన పన్నెండు వందలకు ఒకటి కొన్నాడు. అది ఆయన దగ్గర కంటే పంక్చర్లు వేసేవాడి దగ్గర ఎక్కువ కాలం ఉంటుంది. నాది దారిలో ఆగిపోతే ఏమవుతుంది? మా ఆయనకు ఫోను చెయ్యాలి. ఆయన షట్టరు సగం దించి వస్తారు. మరీ తక్కువ పెట్టినా, మరీ ఎక్కువ పెట్టినా చివరికి తేలేది స్కూటరు వెనక సీటు మీదే.

రెండింటి మధ్యా ఎక్కడో నాకు దారి ఇచ్చే అంకె ఒకటి ఉండాలి. పోతే ఒక పూట ఏడ్చి మరిచిపోగలిగేదీ, పోనంతకాలం నమ్మి తొక్కగలిగేదీ. వారం రోజులు అంగళ్ళ అద్దాల్లోంచి రేట్లు చూసి, అది ఏడు వేలని తేల్చుకున్నాను. స్కూటరు మీదనుంచి చూశాను కాబట్టి ఎడమవైపు అంగళ్ళే చూశాను. ఏడు అన్న అంకెలోనే ఏడుపు ఉందని ఎవరైనా అంటారేమోనని ఆ మాట బయటికి అనలేదు.

"బేరం మనకు గాదు. మామను పిలిపిస్తా," అన్నారు మా ఆయన.

మామంటే మా నాయన. పలమనేరు దగ్గర పల్లె. డెబ్బై దాటినా ఇప్పటికీ పశువుల సంతలో దళారి. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి ఆవుల బేరం కుదురుస్తాడు. ఆ బేరం నోటితో జరగదు. నాయన భుజం మీది తుండుగుడ్డ తీసి ఇద్దరి చేతుల మీదా కప్పుతాడు. కింద వేళ్ళు మాట్లాడుకుంటాయి. వేలా వందలా అన్నది మాత్రం ముందే పైకి అనుకుంటారు. తర్వాత ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, చెయ్యంతా పడితే ఐదు. ఐదు దాటాలంటే చెయ్యి పట్టి, విడిచి, మిగిలిన వేళ్ళు మళ్ళీ పట్టాలి. చుట్టూ వందమంది ఉన్నా అంకె ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు నేను నాయన దగ్గర ఆటగా నేర్చుకున్నాను. వేలు పట్టుకుంటే వేలు. తెలుగు మీద నాకు ఇష్టం అక్కడే మొదలైందనుకుంటాను.

నాయన మొదటి బస్సుకే దిగాడు. టిఫినయ్యాక ముగ్గురం బయల్దేరాం. స్కూటరు మీద ఇద్దరికే చోటు కాబట్టి నాయన ఆయన వెనక కూర్చున్నాడు. సైకిలు కొనుక్కునే నేను ఆటోలో వెనక వచ్చాను. మొత్తానికి ఆయన ఉండగానే ఆటో ఎక్కాను.

అంగట్లో నాకు ఒక సైకిలు చూడగానే నచ్చింది. ముదురు ఆకుపచ్చ, ముందు బుట్ట, వెనక క్యారియరు, చీరతో కూడా ఎక్కగలిగేంత కిందికి వంగిన కమ్మీ. చీటీ మీద ఏడున్నర వేలు అని ఉంది. నేను దాని పక్కన నిలబడ్డాను. మాటలు మాత్రం వాళ్ళ మధ్య జరిగాయి.

"మేడంకు ఎత్తు సరిపోతాదా సార్?" అన్నాడు అంగడాయన, మా ఆయన్ని చూసి.

"ఆమెకు గేర్లు వద్దంట," అన్నారు మా ఆయన.

నాయన సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. సీటు మీద చరిచాడు. వెనక చక్రం ఎత్తి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "పండ్లెన్ని?" అన్నాడు. ఆవు వయసు పళ్ళను చూసి చెబుతారు కదా, నోటికి అదే వచ్చింది.

అంగడాయన తడుముకోకుండా చైను చక్రం వైపు చూపించాడు. "ఇదో, లెక్కబెట్టుకో పెద్దాయనా. ఒక్కటీ ఊడలేదు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. అంగడాయనది పుంగనూరు వైపట. వాళ్ళ తాత కూడా సంతకు ఎద్దులు తోలేవాడట. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. సైకిలు కొనడానికి వచ్చి సంతలో పడ్డాను.

నాయన తుండుగుడ్డ తీసి నా దగ్గరికి వచ్చాడు. "పాపా, ఎంతదాకా పోవచ్చునో నువ్వు జెప్పాల. నోటితో అనద్దు. అమ్మేవాడి చెవి పొడుగు. చెయ్యి ఇట్టియ్. వేల లెక్కే."

సంతలో ఆడవాళ్ళ చెయ్యి ఆ గుడ్డ కిందికి పోవడం నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన గోడ మీది బెల్లులు చూస్తున్నారు. నా అంకె చెప్పమని నన్ను అడిగింది ఇన్ని రోజుల్లో ఒక్క నాయనే. గుడ్డ కింద నాయన చెయ్యి దొరికింది. చెయ్యంతా పట్టాను, ఐదు. ఇక విడవాలి. విడిచి రెండు వేళ్ళు పట్టాలి.

విడవలేదు.

ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ అరచెయ్యి గరుకు తెలిసి ఎన్నేళ్ళయిందో అనుకుంటూ ఉండిపోయాను. నాయన ఒక్క క్షణం ఆగి, తల ఊపి, తానే చెయ్యి తీసేసుకుని అంగడాయన దగ్గరికి పోయాడు. ఈసారి గుడ్డ కింద వాళ్ళిద్దరి చేతులు. గుడ్డ రెండు మూడుసార్లు కదిలింది. అంగడాయన లోపలికి కేకేశాడు. పనివాడు ఒక సైకిలు తోసుకొచ్చాడు. అది ఆకుపచ్చది కాదు. తేలిపోయిన గులాబీ రంగుది, ఒక సైజు చిన్నది, సీటు మీద ప్లాస్టిక్కు కవరు ఎండకు పసుపెక్కింది.

"ఐదుకు ఇది కుదిరింది," అన్నాడు నాయన.

"నాయనా, నేనన్నది ఏడు."

"ఐదు పట్టినావు గదమ్మా."

"విడిచి, మళ్ళీ రెండు పడదామనుకున్నా."

"విడవందే రెండెట్ల పడతావు?" అని నా ముఖంలోకి చూశాడు. కాస్త గొంతు తగ్గించి, "ఏడని జెప్పేదానికి ఏడుస్తావేంది పాపా," అన్నాడు.

"ఇప్పుడు చెబుతున్నాను కదా. ఏడు. ఆ పచ్చది."

"చెయ్యిచ్చేసినానే. ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకుంటే రేపు నా చెయ్యి ఎవురు పడతారు?"

"ఇది సంత కాదు నాయనా."

"చెయ్యి అదే గదా."

చెయ్యివ్వడమంటే మాటివ్వడమని నాయన అర్థం. నట్టేట ముంచడమని ఊళ్ళో అర్థం. ఆ రోజు నాయన అంగడాయనకు మొదటి అర్థంలో చెయ్యిచ్చాడు, నాకు రెండో అర్థంలో. తప్పు ఆయనది కాదు. పట్టింది నేను.

మా ఆయనకు పట్టలేని సంతోషం. "పద్దెనిమిది అనుకున్నది ఐదుకు కొట్టేసినావు మామా! నువ్వు నువ్వే!" అన్నారు. డబ్బు నేనే ఇచ్చాను. నా జీతంలోంచి, నా చేత్తో, నాకు అక్కర్లేని సైకిలుకు.

సోమవారం నుంచి బడికి సైకిలు మీద పోయాను. మోకాళ్ళు హ్యాండిలుకు తగులుతుంటే, పొదుపు కోసం మడిచిపెట్టిన మనిషిలా తొక్కేదాన్ని. వెనక నుంచి స్కూటరు చప్పుడు. తిరిగి చూస్తే మా ఆయన.

"అలవాటయ్యేదాకా వెనక వస్తాలే. నువ్వు పో, నన్ను పట్టించుకోవద్దు."

నడిచే మనుషులు మమ్మల్ని దాటిపోతుండగా, నేను ముందు, ఆయన వెనక. వీధి మలుపుల్లో ఆయన హారను నా కోసం మోగేది. పంతొమ్మిదేళ్ళకు మా స్థానాలు మారాయి. మధ్య దూరం మాత్రం మారలేదు. సాయంత్రం కూడా గేటు బయట స్కూటరు ఉండేది. షట్టరు రెండుసార్లు దిగుతూనే ఉంది.

శుక్రవారం, రైలు పట్టాల కింది దారిలో ఎత్తు ఎక్కుతుంటే, ఎడమ పెడలు ఊడి కాలితోపాటు కిందికి వచ్చింది. నేను పడలేదు. పడేలోపలే ఆయన వచ్చి పట్టుకున్నారు. దెబ్బ తగిలిందా అని మూడుసార్లు అడిగారు. సైకిలును అక్కడే ఒక జామకాయల బండి ఆయనకు అప్పగించి, "ఎక్కు," అన్నారు.

ఎక్కాను. పక్కకు తిరిగి కూర్చున్నాను. నా ముందు చొక్కా.

"నేను జెప్పలా?" అని ఆయన ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేది. "పోనీలే," అన్నారు. ఆయన ఎప్పుడూ పోనీలే అంటారు గాని, పోనివ్వరు.

సైకిలు సామాన్ల ఆటోలో ఇంటికి చేరింది. పెడలు బిగించారు గాని ఆ మర నిలవదని మెకానిక్కు తేల్చేశాడు. మెట్ల కింద పెట్టాం. దాని బుట్టలో పాత పేపర్లు చేరాయి. రెండు నెలలు నేను మళ్ళీ వెనక సీటు మీద బడికి పోయాను. గేటు దగ్గర పెద్దాయన మళ్ళీ ముక్కాలిపీట బయటికి తెచ్చి పెట్టాడు.

ఒక రెండో శనివారం మధ్యాహ్నం, ఆయన అన్నం తిని అంగడికి పోయాక, బుట్టలోంచి పేపర్లు తీసేశాను. బడిలో డబ్బాలో దాచుకున్న నోట్లు ముందురోజే తెచ్చుకున్నాను. సైకిలును మెట్ల కిందినుంచి బయటికి లాగాను.

"ఏమక్కా, సైకిలును నడిపిస్తాండావే?" అంది పక్కింటామె.

"అదీ లావెక్కింది," అన్నాను.

ఎక్కడికని ఆమె అడిగేలోపల సందు దాటేశాను. ఎండలో రెండు కిలోమీటర్లు తోసుకుంటూ పోయాను. దారిలో నాలుగుసార్లు వెనక్కి చూశాను. స్కూటరు లేదు. లేకపోయినా సంతోషం కలగలేదు. తప్పు చేసిన పిల్లలా గోడ నీడన నడిచాను.

అంగడాయన నన్ను చూసి నా వెనక రోడ్డు మీదికి చూశాడు. "నాయన రాలేదామ్మా?"

"లేదు."

"సారు?"

"రాలేదు."

ఇంకా ఎవరో రావాలన్నట్టు కాసేపు ఎదురుచూశాడు. "అయితే బేరం ఎవురు జేసేది?"

"నేనే. ఇది తీసుకుని ఆ పచ్చదియ్యండి."

గులాబీ సైకిలును తిప్పి చూసి మూడు వేలన్నాడు. రెండు నెలల్లో రెండు వేలు పోయాయి. తొక్కింది ఐదు రోజులు. వాదించాలని నోరు తెరిచాను. "సరే," అని వచ్చింది. దళారి కూతురికి ఇంతకంటే మచ్చ ఉండదు. పచ్చదానికి మాత్రం "ఏడు" అన్నాను.

"ఏడున్నర అని రాసుండాది గదమ్మా."

"ఏడు."

"నాలుగొందలు తగ్గిస్తాలే, ఏడు వేలా నూరియ్యి."

"ఏడు."

నాకు ఇంకే అంకె రాదేమోనని అనుమానం వచ్చినట్టుంది, నవ్వి ఒప్పుకున్నాడు. పాతదానికి ఆయనిచ్చే మూడు పోగా నాలుగు వేలు ఎంచి ఇచ్చాను. మొదటి ఐదు, ఈ నాలుగు. ఏడు అనడానికి నాకు తొమ్మిది వేలయింది. పైన పడిన రెండూ ఆ రోజు గుడ్డ కింద పట్టని రెండు వేళ్ళకు జరిమానా.

సీటు ఎత్తు సరిచేసి ఇచ్చాడు. ఎక్కాను. మోకాళ్ళు ఎక్కడా తగల్లేదు. రోడ్డు నా ముందు ఉంది, చొక్కా లేదు. నాలుగు రోడ్ల కూడలి దాకా పోయాక ఒక కాలు కింద పెట్టి ఆగాను. ఎడమకు పోతే ఇల్లు. మిగతా రెండు వైపులా ఏం పని ఉందని పోవాలో తోచలేదు. వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి. ఇంతలో ఫోను మోగింది.

"యాడుండావు? పక్కింటామె ఫోను జేసి ఏందో జెప్తాండాది!"

"సైకిలు మీద ఉన్నాను."

"దానికి పెడలు నిలవదు గదా?"

"ఇది వేరేది. ఏడు వేలు."

అవతల ఎవరో అరంగుళం పైపు అడుగుతున్నారు. ఆయన వాళ్ళకు జవాబు చెప్పలేదు. "ఉండు. ఆడనే ఉండు, కదలద్దు. షట్టరేసి వస్తాండా," అన్నారు.

ఉండమంటే ఉండిపోవడం నాకు బాగా వచ్చిన విద్య. రెండో కాలు కూడా కింద పెట్టేశాను. ఆయన గొంతులో ఉన్నది భయం. ఆ భయాన్ని కాదనడం కంటే ఈ ఎండలో నిలబడడం తేలిక. పది నిమిషాల్లో వస్తారు. కోప్పడరు. రేపట్నుంచి ఈ పచ్చ సైకిలు వెనక స్కూటరు.

"వద్దు. షట్టరు దించద్దు. నేనే వస్తాను," అన్నాను.

"ఎంతసేపటికి?"

ఈ అంకె ముందుగా తేల్చుకోలేదు. "ఫోను పెట్టేస్తున్నాను, వెనక ఆటోలున్నాయి," అన్నాను. అది నిజమే.

ముందు ఒక పాలవ్యాను కుడికి తిరిగింది. దాని వెనకే తిరిగాను. పంతొమ్మిదేళ్ళు వెనక కూర్చున్నదాన్ని కదా, నా సైకిలు మీద నేను పోతున్నా ఎవరో ఒకరి వెనకే పోతున్నాను. అది మెల్లగా పోతే మెల్లగా, జోరుగా పోతే ఆయాసపడుతూ. రెండు వీధులు అలాగే గడిచాయి. వ్యాను ఒక టీ అంగడి ముందు ఆగింది. నేనూ ఆగాను. బ్రేకులు బాగా పడ్డాయి.

వ్యానాయన దిగి నన్ను చూశాడు. టీ చెప్పి మళ్ళీ చూశాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఏమక్కా, పోరాదా? ఇంకా ఎంత దోవ గావాల నీకు?"

వ్యానుకు కుడిపక్కకు చూశాను. లారీ పోయేంత దోవ ఉంది.